రెండో మీట

చిక్కడపల్లి, హైదరాబాద్
3 మే 1987

చిన్నమ్మకు, చిన్నాయనకు నిర్మల నమస్కారాలు.

ఉత్తరం రాసి చాలా రోజులైంది, కోపం తెచ్చుకోకు. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. కూరగాయలకు తనే వెళ్తోంది. హైదరాబాద్ వచ్చి ఇన్నేళ్ళయినా బేరమాడేటప్పుడు ఇంకా కొత్తవాడ గొంతే. "నీ వంకాయలొద్దు, నువ్వొద్దు" అని నాలుగడుగులు వేస్తుంది. వాడు పిలవకపోయినా మళ్ళీ తనే వెనక్కి వస్తుంది.

అసలు సంగతికి వస్తాను. నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ స్కూల్లో, క్లాసులు అయిపోయాక ఒక మిషన్ వాడుకొమ్మని మా సారు ఒప్పుకున్నారు. చూడడానికి టైపు మిషన్‌లా ఉంటుంది. టీవీకి తగిలిస్తే మనం నొక్కే మీటను బట్టి తెర మీద అక్షరాలు, బొమ్మలు వస్తాయి. మా విద్యార్థులు దాని మీద విమానాలు కూల్చే ఆటలు ఆడుతుంటారు. చూసి చూసి నాకొకటి తోచింది. ఆటలో కథ ఎందుకు ఉండకూడదు? తెర మీద కథ కొంత దూరం నడిచి ఆగుతుంది. ఇప్పుడేం చేస్తావని ఆడేవాళ్ళను అడుగుతుంది. ఒక మీట నొక్కితే ఒక దారి, ఇంకోటి నొక్కితే ఇంకో దారి. కథ వింటున్నప్పుడు, అయ్యో అట్లా చేసుండకూడదే అని మనకు ప్రాణం కొట్టుకుంటుంది కదా. ఇందులో ఆ చేసే పని మనదే అవుతుంది.

మా సారుకు చెబితే నవ్వారు. "ఆటలు పిల్లలకు, కథలు పెద్దలకు. రెండింటినీ ఎందుకమ్మా కలుపుతావు?" అన్నారు. ఆయనకు చేసి చూపించాలని పట్టుదల వచ్చింది.

ఏ కథ పెట్టాలా అని ఆలోచిస్తే చిన్నప్పుడు మీ వాకిట్లో విన్న పటం కథే కళ్ళ ముందుకొచ్చింది. బుచ్చిరాములు తాత గోడకు పొడుగాటి బట్ట పటం వేలాడదీసి, బొమ్మ బొమ్మ మీద కర్ర పెట్టి చెప్పేవాడే, మన మార్కండేయుని కథ. నాకు సగమే గుర్తుంది. ఆయన చెప్పే తీరులోనే మొత్తం రాసి పంపుతావా?

చిన్నాయన కూడా ఒక సాయం చేయాలి. ఈ తెర అంతా చిన్న చిన్న గళ్ళు. ఆయన జంపఖానాల కోసం గళ్ళ కాగితం మీద నెమళ్ళను వేస్తారు కదా, సరిగ్గా అట్లాగే ఇక్కడ బొమ్మలను, తెలుగు అక్షరాలను కూడా గడి గడిగా నింపాలి. శివుణ్ణి, యముణ్ణి, పిల్లవాణ్ణి వేసి పంపమను.

తమ్ముడు ఉప్పలయ్య ఎట్లా ఉన్నాడు? అక్క అడిగిందని చెప్పు.

మీ
నిర్మల


కొత్తవాడ, వరంగల్
16 మే 1987

బిడ్డా నిర్మలా,

పూజ ముగించి లేస్తుంటే నీ ఉత్తరం అందింది. మంచి శకునమే అనుకున్నాను.

నువ్వు ఆట తయారు చేస్తున్నావని మీ చిన్నాయన సంబరంగా వాడకట్టంతా చెప్పి వచ్చాడు. ఈ మధ్య చౌరస్తా దగ్గర ఎవరో వీడియో ఆటల దుకాణం పెట్టారు. కాలేజీ పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడి ఉంటున్నారు. ఎదురింటి మల్లవ్వ ఆ మాటే అందుకుంది. "ఏందక్కా, మీ నిర్మల గంత సదువు సదివి పోరగాండ్లను ఖరాబ్ చేసే డబ్బా తయారు చేస్తాందా?" అంది. దేవుని కథ పెడుతోందని చెప్పాను. "దేవుణ్ణి గూడ డబ్బాల ఏస్తాండ్రా!" అని ముక్కు మీద వేలేసుకుంది. నిజానికి నాకూ లోపల కొంత బెదురుగానే ఉంది. స్వామి కథ, మీటలు నొక్కి నడిపించవచ్చా? నువ్వు భక్తితో చేస్తావనే నమ్మకంతో రాస్తున్నాను.

మృకండు ముని, మరుద్వతి దంపతులకు పిల్లలు లేరు. శివుని కోసం తపస్సు చేశారు. స్వామి ప్రత్యక్షమై ఒక మాట అడిగాడు. పదహారేళ్ళే బతికే గుణవంతుడు కావాలా, నిండు నూరేళ్ళు బతికే మందమతి కావాలా? వాళ్ళు గుణవంతుణ్ణే కోరుకున్నారు. మార్కండేయుడు పుట్టాడు. పదహారేళ్ళు నిండిన రోజు యముడు వస్తే పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకున్నాడు. యమపాశం లింగం మీద పడింది. స్వామి లింగంలో నుంచి వచ్చి యముణ్ణి అణచి, పిల్లవాణ్ణి చిరంజీవిని చేశాడు. ఆయన వంశం వాళ్ళమే మన పద్మశాలీలమంతా.

ఇందులో నువ్వు మరిచిపోయినట్టున్నది ఒకటుంది. వరం అడిగే బొమ్మ దగ్గరకు వచ్చేసరికి తాత కథ ఆపుతాడు. ఎవరి ఇంట్లో చెబుతున్నాడో ఆ ఇంటి ఇల్లాలి దిక్కు తిరిగి, "చెప్పు తల్లీ, ఏ కొడుకు గావాలె నీకు?" అంటాడు. ఆమె చేతులు జోడించి, "పదారేండ్లైనా గుణవంతుణ్ణే ఇయ్యి సామీ" అనాలి. వెంట ఆడవాళ్ళందరూ "గదే ఇయ్యి, గదే ఇయ్యి" అంటారు. ఆ మాట పడితే గాని పటం ముందుకు జరగదు. మా ఇంట్లో ఏటేటా ఆ మాట అనే భాగ్యం నాది.

ఉప్పలయ్య బాగానే ఉన్నాడు. ఇరవై నాలుగు నిండాయి. నాలుగో తరగతిలో బడి మానిన నాటి నుంచి వాడికి అక్షరం నిలవలేదని నీకు తెలుసు. వాళ్ళ నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టి పెడతాడు. వాడకట్టులో ఎవరు పిలిచినా వెళ్ళి పని చేసి వస్తాడు. చేయించుకుని నవ్వేవాళ్ళూ ఉన్నారు. మన ప్రాప్తం ఇంతే అనుకుంటాను. పటం కథ మాత్రం వాడికి మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు.

బొమ్మలు వేరే కవరులో పంపుతున్నాడు మీ చిన్నాయన. యమునికి మీసాలు పెద్దగా వచ్చాయని, గళ్ళు సరిపోకపోతే కత్తిరించుకొమ్మని చెప్పమన్నాడు.

అక్కను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో
చిన్నమ్మ సరోజన


చిక్కడపల్లి
22 జూలై 1987

చిన్నమ్మా,

అయింది! నిన్న మొదటిసారి ఆట అడ్డం పడకుండా చివరిదాకా నడిచింది. చిన్నాయన వేసిన యముడు అద్భుతంగా ఉన్నాడు. మీసాలు కత్తిరించలేదు, దున్నపోతునే కొంచెం చిన్నది చేశాను.

నువ్వు రాసిన సంగతి, తాత ఇల్లాలిని అడగడం, నా ఆటకు ప్రాణం అయింది. ఆడేవాళ్ళు మార్కండేయుడు కారు, వాళ్ళ అమ్మ. తెర మీద శివుడు అడుగుతాడు. ఒకటో మీట నొక్కితే గుణవంతుడు, రెండో మీట నొక్కితే మందమతి. రెండోది ఎవరూ నొక్కరనుకో. అయినా ఉండాలి. నొక్కే వీలు ఉండి నొక్కకపోతేనే మొదటిదాన్ని కోరుకున్నట్టు. తాత అడిగినప్పుడు మీకు ఒకటే జవాబు, ఇక్కడ రెండు. మా సారు కూడా ఆడి, మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు.

శ్రావణ పున్నమికి మన పద్మశాలి సంఘం హాలులో అందరూ జంధ్యాలు మార్చుకోవడానికి చేరతారు కదా. అప్పుడు మిషన్ పట్టుకుని వస్తాను. మొదట ఆడేది నువ్వే. మల్లవ్వను ముందు వరసలో కూర్చోబెట్టు.

నిర్మల


కొత్తవాడ
17 ఆగస్టు 1987

నిర్మలా, బిడ్డా,

నువ్వు క్షేమంగా చేరినట్టు అక్క కార్డు రాసింది. సంఘంలో ఇంకా నీ ఆట గురించే చెప్పుకుంటున్నారు. మల్లవ్వ నాలుగుసార్లు ఆడింది, నాలుగుసార్లూ ఏడ్చింది.

నేనొకటి అడుగుతాను, ఎందుకని అడగవద్దు. ఆ ఆటను ఇంకెక్కడా చూపించకు తల్లీ.

ఉప్పలయ్య పున్నమి మరునాడు పొద్దున్నే సంచి సర్దుకుని నర్సంపేట వెళ్ళిపోయాడు. మీ చిన్నాయన దోస్తు రాయమల్లుకు అక్కడ బట్టల దుకాణం ఉంది కదా, అందులో ఉంటానన్నాడట. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వాడు ఒక రాత్రి మమ్మల్ని విడిచి ఉండలేదు. "పోరడు నాలుగు రోజులకు అస్తడు తియ్యి" అంటాడు మీ చిన్నాయన. అడిగిన వాళ్ళకు పనికి పోయాడని చెబుతున్నాను. వాడు మళ్ళీ ఇల్లు చేరితే నాకు అదే చాలు, ఇంకే వరమూ వద్దు.

ఉంటాను.
చిన్నమ్మ


చిక్కడపల్లి
26 ఆగస్టు 1987

చిన్నమ్మా,

నీ ఉత్తరం చూసి మనసు చివుక్కుమంది. నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది. స్వామిని చుక్కలతో వేయడం, చెప్పులు విప్పకుండా పిల్లలు మీటలు నొక్కడం నీకు బాధ కలిగించి ఉంటుంది. ముందే ఆలోచించవలసింది. అందుకే మార్చాను. ఆట మొదట్లో దీపం వెలుగుతుంది. ఒకటో మీట నొక్కగానే డోలు మోగి పైనుంచి పూలు రాలతాయి. రెండోది నొక్కితే తెర నల్లబడుతుంది. ఇప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు, భక్తి ఎటు ఉందో తెలిసిపోతుంది. వచ్చే నెల ఇక్కడొక ప్రదర్శనలో పెట్టమన్నారు. ఇది చూశాక నువ్వు వద్దనవు.

ఇక తమ్ముడి సంగతి. ఆ రోజు హాలులో కుర్రాళ్ళు వాణ్ణి వరసలోంచి తోసేసి, "ఉప్పలిగా, నీకు మీటలు ఎందుకురా, కండెలు సుట్టుకోపో" అనడం నేను విన్నాను. వాళ్ళను కోప్పడ్డాను కూడా. దానికే అలిగి ఉంటాడు. నువ్వు దిగులు పడకు. రాయమల్లు మామ దుకాణం చిరునామాకు వాడికొక కార్డు రాశాను. ఆట అందరికీ నచ్చిందని, అందరికంటే ముందు ఆడింది మీ అమ్మేనని, ఎంత చక్కగా ఆడిందో అని రాశాను. వాడు సంతోషిస్తాడు.

నిర్మల


కొత్తవాడ
8 సెప్టెంబరు 1987

నిర్మలా,

ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను. ఇది చదివాక నీ దగ్గరే ఉంచుకో. అక్కకు కూడా వినిపించకు.

నీ కార్డు చేరింది. వాడికి చదవడం రాదు కనుక రాయమల్లు చదివాడు. దుకాణంలో జనం ఉండగా, గొంతెత్తి. "ఉప్పలీ, మీ అమ్మ మస్తు ఆడిందటరా!" అని. ఉప్పలయ్య చేతిలోని బట్ట తాను అక్కడే పెట్టి వెనక గదిలోకి పోయాడట. రాయమల్లు మొన్న సంతకు వచ్చి నవ్వుకుంటూ చెప్పాడు. అతనికేం తెలుసు?

స్వామిని చుక్కలతో వేసినందుకు నాకు కోపం లేదు. కుర్రాళ్ళ మాటలకు వాడు అలగడు, ఆ మాటలు రోజూ వినేవే. ఏం జరిగిందో చెబుతాను.

ఆ రోజు హాలులో నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టావు. నువ్వు తెర మీది అక్షరాలను అందరికీ వినబడేటట్టు చదువుతున్నావు. స్వామి ప్రశ్న వచ్చింది. నువ్వు పూర్తిగా చదవకముందే నేను ఒకటో మీట నొక్కాను. ఏటేటా అన్న మాట కదా, నాలుక మీద ఉన్నది వేలికి వచ్చింది. నువ్వు చప్పట్లు కొట్టి, "సరోజనమ్మ గుణవంతుణ్ణే కోరుకుంది!" అన్నావు. అందరూ "గదే ఇయ్యి" అన్నారు. నేను చేతులు జోడించాను కూడా. అప్పుడు వాడు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. దాని మీద చెయ్యి పెట్టుకుని.

ఆ సాయంత్రం అన్నం పెడుతుంటే కంచంలో చెయ్యి పెట్టకుండా అన్నాడు. "అమ్మా, రెండోది గూడ ఉండె గద. నువ్వు దాని దిక్కు సూడనన్న సూడలే."

"అది ఆటే గదరా" అన్నాను.

"ఆటైతే ఏదన్న నొక్కచ్చు గద" అన్నాడు.

నిర్మలా, నేను పులుసు వడ్డించాను. వాడు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, కంచం కడిగి బోర్లించి పడుకున్నాడు. పొద్దున్నే వెళ్ళిపోయాడు.

తాత అడిగినప్పుడు వాడు అక్కడ కూర్చుని ఎన్నిసార్లు విన్నాడో. అప్పుడు పటంలో ఉన్న మరుద్వతి తల్లి అన్న మాట అది, నేనూరికే పలికాను. మరి ఆ మిషన్ ముందు అడిగింది నన్నే. నేను నా వేలితో నొక్కాను. తెలియక నొక్కానని చెప్పుకుందామంటే, తెలియక నొక్కినదే లోపలి మాట కాదా? దీపం ముట్టించి స్వామి ముందు కూర్చుంటే తల ఎత్తలేకపోతున్నాను. ఆయన నాకు పరీక్ష పెట్టలేదు. వద్దన్న కొడుకును ఇచ్చి, పెంచుకొమ్మన్నాడు. నేను మన ప్రాప్తం అని ఉత్తరాలు రాస్తున్నాను.

కిందటి శనివారం వాడికని సర్వపిండి కాల్చుకుని నర్సంపేట వెళ్ళాను. దుకాణం ఎదురుగా, రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. వాడు ఎవరికో చీరె విప్పి చూపిస్తున్నాడు. ఆమె ఏదో అంటే నవ్వుతున్నాడు. మా ఇంట్లో వాడు అట్లా నవ్వగా నేను చూడలేదు. ఏమని వెళ్ళను? వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చాను. సర్వపిండి పక్క సీటులో పసిపిల్లల తల్లికి ఇచ్చేశాను.

వాడికి ఉత్తరం రాద్దామంటే రాయమల్లు చదవాలి. నేను క్షమించమని రాసింది చీరెల బేరం మధ్య నలుగురిలో వినబడాలి. అందుకే నీకు రాస్తున్నాను. డోలు, పూలు తీసెయ్యి తల్లీ. నీకు పుణ్యం ఉంటుంది.

చిన్నమ్మ


(కార్డు)
కొత్తవాడ
15 అక్టోబరు 1987

చి. నిర్మలకు. నా ఉత్తరం అందిందా? నీ దగ్గర నుంచి జవాబు లేదు. నీకు నా మీద అసహ్యం కలిగిందేమో. కలిగితే తప్పు లేదు. కార్డు కనుక ఇంతకంటే రాయను. ఉప్పలయ్య దసరాకు రాలేదు. జమ్మి ఆకు రాయమల్లుతో పంపాడు, వాళ్ళ నాన్నకు, నాకు కలిపి.
సరోజన


చిక్కడపల్లి
9 నవంబరు 1987

చిన్నమ్మా,

అసహ్యం నా మీద నాకే. జవాబు రాయడానికి నాకు మొహం లేకపోయింది. ఎందుకో చెబుతాను.

నువ్వు ఆడి లేచాక, జనం పలచబడ్డాక, తమ్ముడు ఒక్కడే మిషన్ దగ్గరకు వచ్చాడు. "ఏది నొక్కితే రెండోది?" అని అడిగాడు. చూపించాను. నొక్కాడు. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. నేనే చదివాను. "ఆ పిల్లవాడు నూరేళ్ళు బతికాడు. కథ సమాప్తం." వాడు కాసేపు అట్లాగే చూసి, "గంతేనా అక్కా?" అన్నాడు. "గంతే తమ్మీ, ఆ దిక్కు కథ లేదు" అని నవ్వాను. చిన్నమ్మా, నేను నవ్వాను. రెండు దారులు పెట్టానని సారుకు, నీకు, ఊరందరికీ గొప్పలు చెప్పుకున్నదాన్ని. ఒక దారి మీద రెండు నెలలు పని చేశాను. రెండో దారికి ఒక్క వాక్యం రాసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆటలో కథ ఎంత బరువు మోయగలదో చూపిస్తానన్నాను కదా. ఆ బరువు వాడి మీద వేసి వచ్చాను. నువ్వు తెలియక నొక్కావు. నేను తెలిసి, కూర్చుని రాశాను.

నీ ఉత్తరం అందిన వారానికే నర్సంపేట వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళినందుకు మన్నించు. వాడు నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. "అన్నం తిన్నవా అక్కా?" అన్నాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. "ఎందుకేడుస్తవ్? బస్సుల పైసలు పోగొట్టుకున్నవా?" అన్నాడు.

ప్రదర్శనకు ఇవ్వలేదని, ఆట మళ్ళీ రాయాలని చెప్పాను. "ఆ రెండో పిల్లగాని కథ నాకు తెల్వది తమ్మీ. నీకు తెలిస్తే చెప్పు" అన్నాను. చాలాసేపు తాన్లు మడతపెడుతూ ఉండిపోయాడు. తరవాత మొదలుపెట్టాడు. వాడు చెప్పినట్టే రాస్తున్నాను.

"వానికి గూడ పదారేండ్లు నిండుతయ్ గద. ఆ దినం ఎవ్వలు రారు. యముడు రాడు, సామి రాడు. పొద్దుగూకుతది."

"తరవాత?"

"తరవాత పదిహేడు." కొంచెం నవ్వాడు. మళ్ళీ అన్నాడు. "పదారేండ్లు బతికెటోన్ని వాళ్ళమ్మ దినాం సూస్తది. పోతడని భయం గద. ఎప్పటికి ఉండెటోన్ని ఎందుకు సూస్తది? ఉంటనే ఉంటడు."

వాడు కోపంతో అనలేదు చిన్నమ్మా. బట్ట కొలిచి చెప్పినట్టు చెప్పాడు.

ఆ తరవాత మూడు ఆదివారాలు వెళ్ళాను. వాడు చెప్పడం, నేను రాయడం. కొన్నిచోట్ల నేను బాగుంటుందని మార్చబోతే, "గట్ల కాదు, వాడు గట్లంటడా?" అని ఒప్పుకోలేదు. ఇప్పుడు రెండో దారి మొదటి దారి కంటే పొడుగైంది. దీపం, డోలు, పూలు అన్నీ తీసేశాను. మా సారు డిసెంబరు పరీక్షల దాకా మిషన్ ఉంచుకొమ్మన్నారు. రాయమల్లు మామ టీవీకి తగిలించి వచ్చాను. టేపు రికార్డరులో క్యాసెట్ పెట్టి ఆట ఎక్కించడం తమ్ముడికి నేర్పాను. ఒక్కసారి చూసి పట్టుకున్నాడు.

నువ్వు వెళ్ళి ఆడాలి. నన్ను రమ్మనకు. నేను పక్కన ఉండి మళ్ళీ అందరికీ వినబడేటట్టు చదవడం నాకిష్టం లేదు. చివర్లో ఒక ప్రశ్న వాడు పెట్టించాడు. అదేమిటో నీకు చెప్పవద్దన్నాడు.

నిర్మల


కొత్తవాడ
29 నవంబరు 1987, ఆదివారం

నా తల్లీ నిర్మలా,

కిందటి ఆదివారం వెళ్ళాను. మీ చిన్నాయన వస్తానంటే వద్దన్నాను. ఎందుకో అడిగాడు, దారిలోనే బస్టాండు దాకా నడుస్తూ అంతా చెప్పాను. బస్సు ఎక్కుతుంటే, "నేనైనా గదే నొక్కుదును సరోజనా" అన్నాడు. బస్సు చప్పుడులో ఆయన గొంతు నాకు వినబడలేదు, పెదవులే కనిపించాయి.

దుకాణం మూసే రోజు అయినా రాయమల్లు, ఆయన భార్య సమ్మమ్మ, ఇరుగు పొరుగు ఓ పదిమంది చేరారు. ఇదివరకే అందరూ ఆ ఆట ఆడారట. ఉప్పలయ్య నన్ను చూసి "కూసో అమ్మా" అన్నాడు, అంతే. క్యాసెట్ పెట్టాడు. అది కీచుమని అరుస్తుంటే ఏమైందోనని నేను లేవబోయాను. "గట్లనే ఒర్రుతది, లోపటికి పోతాంది" అన్నాడు. వాడు నాకు ఒక సంగతి విడమరిచి చెప్పడం అదే మొదలు.

స్వామి ప్రశ్న వచ్చింది. వేలు పెట్టలేకపోయాను. ఒకటి నొక్కితే మళ్ళీ అదే పాపం. రెండు నొక్కితే నలుగురిలో మంచి అనిపించుకోవడానికి నొక్కినట్టు. వాడికి తెలియదా? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "నొక్కు వదినే, గీడ కరెంటు ఎప్పుడు పోతదో తెల్వది" అన్నాడు రాయమల్లు. అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరిగి వాడితోనే అన్నాను, నోటికి మన మాటే వచ్చింది. "నువ్వు తెల్వకముందు అడిగితే గదే అందును బిడ్డా. అబద్ధమెందుకు చెప్పాలె? నువ్వు తెలిసినంక అడుగుతాండ్రు ఇప్పుడు" అన్నాను. రెండు నొక్కాను. వాడి ముఖం చూడలేకపోయాను.

తెర మీది అక్షరాలను ఎవరూ చదివి వినిపించలేదు. నేనే నెమ్మదిగా చదువుకున్నాను. నువ్వు రాశావు కనుక నీకు తెలుసు. పిల్లవాడు నీళ్ళు మోసుకొస్తాడు. అమ్మ పూజలో ఉంటుంది. వాణ్ణి చూస్తావా, పూజ చేసుకుంటావా అని అడుగుతుంది మిషన్. పిల్లవాడు తెగిన పోగు అతికి, అతుకు కనబడకుండా చేస్తాడు. చూస్తావా, వంట చేసుకుంటావా? ప్రతిచోటా అమ్మకు ఇంకేదో మంచి పనే ఉంటుంది. ఒక్కటీ చెడ్డ పని పెట్టలేదు వాడు. ఎవరైనా తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని.

చివరి ప్రశ్న వచ్చింది. "పిల్లవాడు వేరే ఊళ్ళో ఉండి పని చేసుకుంటానన్నాడు. ఇంట్లోనే ఉండమంటే ఒకటి. పొమ్మంటే రెండు."

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉండమని నొక్కితే, నా కోసం వాణ్ణి మళ్ళీ కండెల దగ్గర కూర్చోబెట్టినట్టు. పొమ్మని నొక్కితే, అమ్మ నన్ను వద్దంది కదా అని వాడు రేపు కూడా అనుకుంటాడు. ఏది నొక్కినా నేను నొక్కినదే అవుతుంది. నేను మిషన్ దిక్కు నుంచి కుర్చీ మొత్తం తిప్పి కూర్చున్నాను.

"నీకేం గావాలె బిడ్డా?" అని అడిగాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, ఇన్నేళ్ళలో వాణ్ణి ఆ మాట అడగలేదని. ఏం తింటావు అని కూడా అడగలేదు నిర్మలా. పెట్టింది తింటాడు కదా అని.

వాడు తల గోక్కున్నాడు. గోడ దిక్కు చూశాడు. ఇంతమందిలో వాడికీ సిగ్గే. "ఈడుంట అమ్మా" అన్నాడు చివరికి. "ఈడ నన్ను అడిగి చీరెలు కొంటాండ్రు." కాస్త ఆగి, "ఆదివారం అస్త" అన్నాడు. ముందుకు వంగి తనే రెండో మీట నొక్కాడు. "జరుగు, మల్లొకలు ఆడాలె" అని నన్ను కుర్చీలోంచి లేపాడు. లేపేటప్పుడు జబ్బ పట్టుకున్నాడు, నేను పడిపోతానేమోనన్నట్టు.

మీ సారుకు చెప్పు. నీ ఆట చిన్న పిల్లలది కాదు. యాభై ఏళ్ళ దాన్ని, నోములు నోచిన దాన్ని, నేనే ఇంకా సరిగ్గా ఆడలేకపోయానని చెప్పు.

ఇవాళ పొద్దున్నే లేచి అన్నం, పప్పుచారు, వాడికి ఇష్టమనుకున్న వంకాయ కూర చేశాను. ఇష్టమో కాదో అడుగుదామని కూర్చున్నాను. నర్సంపేట నుంచి పొద్దటి బస్సు వచ్చి పోయింది. మధ్యాహ్నం బస్సు కూడా వచ్చి పోయింది. మీ చిన్నాయన రెండుసార్లు బస్టాండుకు వెళ్ళి వచ్చి, మగ్గం మీద కూర్చున్నాడు. వాడు మాట తప్పాడని నేను అనుకోవడం లేదు. ఆదివారం వస్తానన్నాడు. ఏ ఆదివారమో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

అడిగి ఉండవలసింది.

మీ
చిన్నమ్మ